చెప్పులు బయట విడువవలెను

టికెట్ కిటికీ వెనక కూర్చునే మనిషికి నోరు మంచిది కాదని మా స్టేషన్లో అందరూ అంటారు. నిజమే, నాది మంచిది కాదు. కళ్లెదురుగా కదిలిపోతున్న బండిని చూపించి "వెళ్లిపోతోందా అండీ?" అని అడిగేవాడికి మీరైతే ఏం జవాబు చెబుతారో చెప్పండి, నేనూ నేర్చుకుంటాను. అయినా ఇక్కడ నాకన్నా పెద్ద నోరు ఇంకొకటుంది. అది మా పెద్దమ్మది, మా అమ్మకు స్వయానా అక్క. వెయిటింగ్ రూమ్ చూసుకునే ఉద్యోగం ఆవిడది. తాళం తియ్యడం, ఊడ్చడం, తుడవడం, వచ్చినవాళ్లని తిట్టడం, మళ్లీ తాళం వెయ్యడం. తిట్టే పనికి రైల్వేవాళ్లు జీతం ఇవ్వరు, అది ఆవిడ ఊరికే చేస్తుంది.

నాకు వరసకు పెద్దమ్మ గనక నేను అలా పిలుస్తాను. మిగతావాళ్లకేం వచ్చిందో, స్టేషన్ మాస్టారితో సహా అందరికీ ఆవిడ పెద్దమ్మే. మాస్టారు నిజానికి వయసులో ఆవిడకన్నా పెద్ద. "పెద్దమ్మగారూ" అని ఆయన పిలిచినప్పుడల్లా ఆవిడ మొహం మాడ్చుకుంటుంది, కానీ పలుకుతుంది.

ఆవిడ కథ చెప్పాలంటే స్టేషన్ కథ కూడా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ పుట్టింది ఆ వెయిటింగ్ రూమ్‌లోనే. మాట వరసకు అనడం లేదు, నిజంగానే. అప్పట్లో ఇక్కడ ఊరు లేదు, స్టేషనొక్కటే ఉండేది. బొగ్గింజన్లు నీళ్లు తాగడానికి ఆగేవి. ఇంజను తాగినంతసేపూ జనం ఎండలో మాడాలా అని ఎవరో పుణ్యాత్ముడు ఒక పెద్ద గది కట్టించాడు. ఎత్తైన కప్పు, గోడల పొడుగునా టేకు బెంచీలు, రెండు పడక కుర్చీలు, మనిషెత్తు అద్దం. మా అమ్మమ్మ నిండు నెలలతో, ఆసుపత్రి ఉన్న ఊరికి వెళుతూ, కాసేపు కాళ్లు చాపుకుందామని దిగి ఆ గదిలోకి వచ్చింది. ఇంజను నీళ్లు తాగి అయ్యేలోపు మా పెద్దమ్మ పుట్టేసింది. బండి కూత వేస్తే దానికి పోటీగా ఈవిడ కూడా కూత వేసిందట.

బండి వెళ్లిపోయింది. మా తాతయ్య ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఇంకో చేత్తో పిల్ల పట్టుకుని ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయాడు. పచ్చి బాలింతను తీసుకుని ఎక్కడికి పోతాం, కొన్నాళ్లు ఇక్కడే ఉందామని ఇంజన్లకు నీళ్లు పట్టే పనిలో చేరాడు. ఆ కొన్నాళ్లు ఇంకా పూర్తి కాలేదు. కాసేపు ఆగడం చేతకాక వెయిటింగ్ రూమ్‌లో పుట్టిన మనిషికి అదే గదిలో ఉద్యోగం రావడం ఏం విడ్డూరమమ్మా అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. అమ్మ మాత్రం పద్ధతిగా ఆసుపత్రిలో పుట్టింది. ఆ సంగతి వీలు దొరికినప్పుడల్లా అక్కకు గుర్తుచేస్తుంటుంది.

తర్వాత కరెంటు బండ్లు వచ్చాయి. వాటికి దాహం లేదు గనక దూరపు బండ్లు ఇక్కడ ఆగడం మానేశాయి. పక్కనున్న నగరం పెరిగి పెరిగి మా దాకా వచ్చింది. ఇప్పుడు మాది పొద్దున జనాన్ని పనిలోకి పంపి, సాయంత్రం వెనక్కి తెచ్చుకునే లోకల్ స్టేషను. సౌకర్యాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మాస్టారు నొచ్చుకుంటారు. రెండు ప్లాట్‌ఫాంలు, వాటి మధ్య ఒక వంతెన. వానొస్తే దాని కింద నిలబడతారు, ఎక్కేవాళ్లు తక్కువ. మూడు కుళాయిలు ఉన్నాయి, ఒకదాంట్లో నీళ్లు వస్తాయి, ఒకదాంట్లో గాలి, మూడోదాంట్లో చప్పుడు. బరువు చూసే మిషను ఎవరెక్కినా ఒకటే బరువు చూపిస్తుంది. అందుకే లావుపాటి వాళ్లకు దానిమీద మహా గౌరవం. "మరుగుదొడ్లు" అని బాణం గుర్తు వేసిన బోర్డు నేరుగా గోడను చూపిస్తుంది. మరుగుదొడ్లు ఎప్పుడో అవతలి వైపుకి మారాయి, బోర్డుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవసరంలో ఉన్నవాళ్లు ఆ గోడ దగ్గరికి వచ్చి, నా కిటికీ వైపు తిరిగి, నన్ను తిడతారు.

వీటన్నిటి మధ్యా తళతళలాడే గచ్చుతో మా పెద్దమ్మ గది. తలుపు మీది బోర్డులో ఎర్ర రంగుతో "చెప్పులు బయట విడువవలెను" అని రాసి ఉంటుంది. రైల్వేవాళ్లు రాయించింది కాదు, ఆవిడే రాయించింది. "నేను పుట్టిన చోటే ఇది! ఎవడి బురదకాళ్లో పడనిస్తానా?" అంటుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. ఒకసారి దొంగను తరుముకుంటూ పోలీసాయన వచ్చాడు. దొంగ బుద్ధిగా చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. పోలీసాయన బూట్ల లేసులు విప్పేలోపు వాడు అవతలి తలుపులోంచి ఉడాయించాడు. పెద్దమ్మ మాత్రం దొంగనే మెచ్చుకుంది, వాడికి కాస్త మర్యాద తెలుసని.

ఇంతకీ ఆ గదిలో కూర్చునేదెవరు? ఎవరూ కూర్చోరు. ఒక బండి పోతే వెనకాలే ఇంకోటి వస్తుంటే ఎవడు కూర్చుంటాడు? పొద్దున బ్యాచ్ వస్తుంది, చెప్పులు విడిచి లోపలికి దూరుతుంది, అద్దంలో తల దువ్వుకుంటుంది, ఊడిన గుండీకి పెద్దమ్మ దగ్గర పిన్నీసు తీసుకుంటుంది, పిన్నీసుతో పాటు నాలుగు చీవాట్లు తిని, మళ్లీ చెప్పుల్లో కాళ్లు దూర్చి పరిగెడుతుంది. అంతే.

ఒకరోజు మాస్టారు నా కిటికీ దగ్గరికి వచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మొహం చూసి ఏ బండో పట్టాలు తప్పిందనుకున్నాను.

"అమ్మాయ్, పైనుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. జనం కూర్చోని వెయిటింగ్ రూములన్నీ మూసేస్తున్నారట. మన గది కూల్‌డ్రింకుల కొట్టుకి ఇచ్చేస్తారట."

"మరి పెద్దమ్మ?"

"బోగీలు కడిగే యార్డుకి బదిలీ. నువ్వే చెప్పమ్మా ఆవిడకి. నేను చెప్పలేను, నాకు బీపీ ఉంది."

నాకు మాత్రం ప్రాణం మీద తీపి ఉండదా? అయినా వెళ్లి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా గుండె గుభేలుమంది. ఆవిడ తడిగుడ్డ పట్టుకుని తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

"యార్డుకి పొమ్మంటే పోతానే. బోగీలు కడగమంటే కడుగుతా. కానీ మా అమ్మ నొప్పులు పడ్డ చోట సీసాల పెట్టెలు పేరుస్తారా?" అంది. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ ఇంత మెల్లగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడ్చేసరికి ఆవిడకు మళ్లీ కోపం వచ్చింది, నా ప్రాణం లేచొచ్చింది.

"ఏడుపెందుకే, నేనేమన్నా చచ్చానా? జనం కూర్చోకపోతే నేనే కూర్చోబెడతా," అని లేచింది.

మర్నాడు పొద్దున బ్యాచ్ వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ముందు బ్యాంకులో పనిచేసే ఆయన, వెనక నర్సమ్మ, లెక్కల టీచరమ్మ, నగరంలో చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా చేసే అతను, ఇంకా బోలెడుమంది. ఆ సేల్స్‌మన్‌ని మేమంతా చెప్పులబాబు అంటాం.

"అద్దం కావాలా? పిన్నీసులు కావాలా? అయితే వినండి," అంది పెద్దమ్మ. "ఆఫీసరు వచ్చిన రోజు మీరంతా లోపల కూర్చోవాలి. మీ బండి వస్తుంది. ఎక్కకూడదు. దాని తర్వాతది ఎక్కండి. ఒక్క బండి! ఇన్నేళ్లలో మిమ్మల్ని ఇంకేమైనా అడిగానా?"

"ఒక్కటేంటి పెద్దమ్మా, నీకోసం పది బండ్లు వదిలేస్తాం!" అన్నాడు బ్యాంకాయన. వానలో తడిసి వచ్చినప్పుడల్లా ఆయన కోటు ఫ్యాను కింద ఆరబెట్టి ఇచ్చేది ఆవిడే. నర్సమ్మ ఆవిడ చేతిలో చెయ్యేసి ఒట్టేసింది. చెప్పులబాబు కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. వీళ్లని రోజూ కిటికీలోంచి చూసేదాన్ని నేను. కూత వినపడితే చేతిలో సగం తాగిన టీతో సహా పరిగెత్తే జాతి ఇది. అందుకని ముందురోజు ఒకసారి రిహార్సల్ వేద్దామన్నాను. వేశాం. అందరూ గోడవారగా బుద్ధిగా కూర్చున్నారు. బండి కూసింది. కళ్లు మూసి తెరిచేలోపు గది ఖాళీ. సాయంత్రం బండి దిగి బ్యాంకాయన తల గోక్కుంటూ వచ్చాడు.

"అది ఉత్తుత్తిదే కదా అని వెళ్లాం పెద్దమ్మా. అసలుది రేపు కదా. రేపు చూడు మా తడాఖా."

తెల్లారింది. ఆఫీసరు లైన్లో ఒక్కో స్టేషనూ చూసుకుంటూ లోకల్ బండిలోనే వచ్చాడు. నేను కిటికీకి "ఇప్పుడే వస్తాను" అట్ట తగిలించి పరిగెత్తాను. చూడ్డానికి మంచివాడిలాగే ఉన్నాడు. మెరిసే నల్ల బూట్లు వేసుకున్నాడు. వెనక మాస్టారు చేతులు కట్టుకుని నడుస్తున్నారు. గుమ్మంలో పెద్దమ్మ తుడుపుకర్ర అడ్డం పెట్టింది.

"చెప్పులు," అంది.

మాస్టారు మధ్యలోకి వచ్చారు. "పెద్దమ్మగారూ, వీరు ఆఫీసరుగారు..."

"అయితే మరీ మంచిది, చదువొచ్చిన మనిషి. బోర్డు చదువుకోమనండి."

ఆయన బోర్డు చదివాడు. ఒక్క క్షణం పెద్దమ్మ మొహం చూశాడు, ఆ మొహం చూశాక ఎవరైనా విప్పాల్సిందే. బూట్లు విప్పి వరసలో ఖాళీగా ఉన్న చోట పెట్టాడు. వాటి పక్కనే చెప్పులబాబు నల్ల బూట్లున్నాయి.

లోపల గది కిటకిటలాడిపోతోంది. అందరూ స్కూలు ఫొటోకి కూర్చున్నట్టు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆఫీసరు కనుబొమ్మలు పైకి లేచాయి. బ్యాంకాయన దగ్గర ఆగాడు.

"మీరు ఏ బండి కోసం?"

"ఇప్పుడొచ్చేది కాదండీ, దాని తర్వాతది."

"ఇప్పుడొచ్చేది ఎందుకు ఎక్కరు?"

ఈ ప్రశ్న మేము రిహార్సల్లో వేసుకోలేదు. బ్యాంకాయన గది నాలుగు మూలలా చూశాడు. "గది బాగుందండీ," అన్నాడు చివరికి.

"గాలి బాగా వస్తుందండీ," అందుకుంది నర్సమ్మ.

"లైన్లో ఇంత నిండుగా ఉన్న గది ఇంకోటి చూళ్లేదు," అన్నాడు ఆఫీసరు. గుమ్మంలో పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. గండం గడిచిందనుకుని నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

అప్పుడు కూత వినపడింది. బ్యాంకాయన మోకాలు ఆడటం మొదలుపెట్టింది. దాన్ని చేత్తో నొక్కిపట్టాడు. టీచరమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. నర్సమ్మ బెంచీ అంచు పట్టుకుంది. బండి ప్లాట్‌ఫాంలోకి వచ్చింది, బ్రేకులు కీచుమన్నాయి. ముందు ఎవరు లేచారో ఇప్పటికీ తేలలేదు, నువ్వంటే నువ్వని ఇంకా తగువులాడుకుంటున్నారు. మొత్తం గది లేచింది. గుమ్మంలో ఉన్న పెద్దమ్మను గోడకి అదిమేసి, అందిన చెప్పుల్లో కాళ్లు దూర్చి, దూరని వాళ్లు చంకన పెట్టుకుని, తలుపులు మూసుకునేలోపు బండెక్కేశారు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బెంచీ మీద ఎవరిదో చేతిరుమాలు మిగిలింది.

"వీళ్లంతా ఎక్కడికి?" అన్నాడు ఆఫీసరు.

"పనికండీ," అన్నారు మాస్టారు. పాపం, ఆయనకు అబద్ధం ఎప్పుడూ సమయానికి తట్టదు.

ఆఫీసరు మొహం గంటు పెట్టుకున్నాడు. "నా ముందు నాటకాలా? అర్థమైంది. సాయంత్రానికల్లా గది ఖాళీ చేసి తాళం నా చేతికివ్వండి."

పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఒక్క బండి అడిగానే. ఒక్కటంటే ఒక్కటి," అంది. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ క్షణంలో ఆ బ్యాంకాయన నా కిటికీ దగ్గరికి వచ్చి ఉంటే ఏమయ్యేవాడో నాకే తెలియదు.

ఆఫీసరు విసవిసా గుమ్మం దాటాడు. దాటినవాడు అక్కడే ఆగిపోయాడు.

"నా బూట్లేవి?"

మాస్టారివీ నావీ కాక గుమ్మం బయట ఒక్క జతే ఉంది. నల్లవే గానీ ఆయనవి కావు. మడమ దగ్గర అరిగిపోయి, ముందు బొటనవేలు ఆకారం పొడుచుకొచ్చి ఉన్నాయి. మాకందరికీ తెలిసిన బూట్లే. చెప్పులతోనే బతికే మనిషి, ఎవరి చెప్పులో చూసుకోకుండా వేసుకుపోయాడు! అతను చేరే వేళకు నేను షాపుకి ఫోన్ చేశాను.

"అయ్యయ్యో! అందుకేనా పొద్దున్నుంచి నా కాళ్లు నొప్పెట్టట్లేదు?" అన్నాడు చెప్పులబాబు. "ఇప్పుడు రాలేనక్కా, ఇవాళ షాపులో తగ్గింపు ధరలు, ఓనరు కదలనివ్వడు. సాయంత్రం బండికి తెచ్చేస్తా. ఆయన్ని కాస్త కూర్చోమను."

ఆఫీసరు చెప్పులబాబు బూట్లలో కాలు పెట్టి చూశాడు, సగమే దూరింది. మాస్టారి బూట్లలో అదీ దూరలేదు. ఊళ్లో ఉన్న ఒక్క చెప్పుల కొట్టుకీ ఆ రోజు సెలవు. పెద్దమ్మ బాత్రూం చెప్పులు తెచ్చి పెట్టింది. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ.

"ఇవి వేసుకుని పక్క స్టేషను తనిఖీకి వెళ్లాలా నేను?"

"వద్దులెండి, అవి తిరిగి రావు," అని పెద్దమ్మ వాటిని పట్టుకెళ్లి లోపల పెట్టేసింది.

ఆయన కాసేపు ప్లాట్‌ఫాం మీద తిరిగాడు. ఎండెక్కేసరికి సిమెంటు సలసలా కాగింది. కాలుగాలిన పిల్లిలా నాలుగడుగులు అటూ ఇటూ వేసి, గెంతుకుంటూ వచ్చి గదిలో బెంచీ మీద కూలబడ్డాడు. పెద్దమ్మ ఆయన చుట్టూ తడిగుడ్డ పెడుతూ, "కాళ్లెత్తండి," అంది. ఎత్తాడు.

నేను మధ్యమధ్యలో వచ్చి తొంగి చూస్తూనే ఉన్నాను. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్క మనిషి లోపలికి రాడు.

"చూశారా? నిజంగానే ఎవరూ రావట్లేదు," అన్నాడాయన.

"మీరొచ్చారుగా," అంది పెద్దమ్మ.

మధ్యాహ్నం ఆయన ఆకలికి నకనకలాడుతుంటే తన క్యారేజీలో సగం తీసి పెట్టింది. మొహమాటపడితే, "గది మీద కోపం అన్నం మీదెందుకు?" అని కసిరింది. తింటూ తింటూ ఆయన అడిగాడు.

"ఈ గదంటే ఎందుకమ్మా మీకంత ఇది?"

"నేను పుట్టిందే ఈ గదిలో. ఇప్పుడు మీరు కూర్చున్న బెంచీ మీదే."

ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యో, కూర్చోండి. ఇప్పుడెవరూ పుట్టట్లేదు."

ఆయన నవ్వుతాడని నేననుకోలేదు. నవ్వాడు, పొలమారింది, పెద్దమ్మ నెత్తి మీద తట్టి నీళ్లిచ్చింది. తర్వాత పడక కుర్చీలో వాలి, నోరు తెరుచుకుని, సాయంత్రం దాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి చప్పుడు చెయ్యొద్దని బండ్లకు సైగలు చేశారు.

సాయంత్రం బండి వచ్చింది. చెప్పులబాబు అట్టపెట్టెలో బూట్లు పెట్టుకుని, షాపువాళ్ల చెప్పులేసుకుని దిగాడు. తుడిచి, పాలిష్ కొట్టి, ఊడిపోతున్న అడుగు కూడా అతికించి తెచ్చాడు. అతని వెనక బ్యాంకాయన, నర్సమ్మ, టీచరమ్మ, బ్యాచ్ బ్యాచంతా తలలు దించుకుని వచ్చింది. ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి వెళ్లి గోడవారగా కూర్చున్నారు. ఇంటికెళ్లే బస్సు హారన్ కొట్టింది. ఒక్కరూ లేవలేదు. పొద్దున కూర్చోవాల్సినవాళ్లు సాయంత్రం కూర్చుంటే ఏం లాభమని నేను పళ్లు నూరాను.

ఆఫీసరు బూట్ల పెట్టె చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గదిలో ఎవరూ ఎదురుచూడరని పైవాళ్లకి చెప్పడానికి వచ్చాను. ఇప్పుడా మాట నా నోటితో ఎలా అనను? పొద్దున్నుంచీ ఇక్కడ ఎదురుచూసింది నేనే. గది ఉంటుంది." చప్పట్లు మోగబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. "కానీ ఒక్క షరతు. ఆ చెప్పులు విడిచే రూలు మాత్రం తీసెయ్యాలి."

మాస్టారు సంతోషంగా తలూపారు. నేనూ ఊపాను. అంత గండం గడిచాక బోర్డుదేముంది, తీసి అవతల పారేస్తే సరి.

"అయితే గది మూసెయ్యండి," అంది పెద్దమ్మ.

మాస్టారు దొరికిన బెంచీ మీద కూర్చుండిపోయారు. నేను వెనక నుంచి ఆవిడ జబ్బ గిల్లాను. నా చెయ్యి తీసి పారేసింది.

"యార్డుకి పంపండి, పోతాను. నేనుండగా మాత్రం ఈ గచ్చు మీద చెప్పు పడదు," అని తాళం తీసి ఆయన ముందు చాపింది.

ఆఫీసరు తాళం వైపు చూశాడు, గచ్చు వైపు చూశాడు. రోజంతా ఉత్తకాళ్లతో తిరిగాడు గదా, ఒకసారి తన అరికాలు తిప్పి చూసుకున్నాడు. రవ్వంత దుమ్ము లేదు. తాళం పెద్దమ్మ చేతిలోనే ఉంచి వేళ్లు మూశాడు.

"సరే, చెప్పులు పెట్టుకోవడానికి ఒక అర చేయించి పంపిస్తా. నంబరు బిళ్లలతో సహా," అని గుమ్మం బయటికి వెళ్లి, కింద కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాడు.

ఆ అర వచ్చింది, మా స్టేషన్ సౌకర్యాల్లో ఇప్పుడది కూడా ఒకటి. ఆ సాయంత్రం మాత్రం అందరూ వెళ్లిపోయాక నేను కిటికీ మూసేసి గది దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మ బక్కెట్లో గుడ్డ పిండుతోంది. పొద్దున్నుంచీ నా బుర్ర తొలుస్తున్న మాట అడిగేశాను.

"నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదా పెద్దమ్మా. వాడు ఆఫీసరు బూట్లేసుకుని పోతుంటే చూళ్లేదా?"

"చూశాను."

"మరి పిలవలేదేం?"

గుడ్డ దులిపి ఆరేస్తూ అంది. "పిలిస్తే పాపం, వాడికి బండి తప్పిపోదూ?"